ఖాళీ బండి ఎగిరే చోటు

మామగారు తెమ్మన్నవి కాకుండా, తనకు సరైనవని తోచిన స్ప్రింగులు కారు డిక్కీలో వేసుకుని స్వావా అకూరేరి పట్నం నుంచి తిరుగుదారి పట్టింది. పోయినవారం మనం ఆగింది అక్కడే. ఆ స్ప్రింగులు ఊరి జీపుకోసం. ఏటా చలి మొదలయ్యేముందు, వేసవంతా కొండల మీద మేసిన గొర్రెల్ని మళ్ళించుకు రావడానికి ఊరు ఊరంతా గుర్రాలెక్కి వెళ్తుంది. వాళ్ళ తిండీ, పరుపులూ, గుర్రాల దాణా మోసుకుని వెనకాల వెళ్ళేది ఆ జీపే. నిరుడు దాన్ని నడిపింది ఓర్రి, అంటే ఈ జూన్‌లో స్వావా మెడ మీద చెయ్యేసి చర్చిలోంచి నవ్వుకుంటూ బయటికి వచ్చిన పెళ్ళికొడుకు. తిరిగొచ్చేటప్పుడు, బూడిదేరు దాటే రేవు ముందు జీపు ఎగిరిపడింది. వెనక సీట్లో ఉన్న వంటావిడ లోవాకు తుంటి ఎముక చిట్లింది. తప్పు నాదేనన్నాడు ఓర్రి. కొండరాజు మర్నాడు వచ్చీరాగానే తాళాలు లాక్కున్నాడు. కొండరాజంటే గొర్రెల మళ్ళింపుకు పెద్ద. కొండెక్కాక ఆయన మాటకు తిరుగు లేదు. ఆ కొండరాజు పేరు థోర్గేర్. ఓర్రికి సొంత తండ్రి.

రేపు పొద్దున్నే ఊరు బయల్దేరాలి. స్ప్రింగులు ఇవాళే ఎక్కాలి.

లౌరుస్ షెడ్డులో కాఫీ వాసన, గ్రీజు వాసన కలిసిపోయి ఉన్నాయి. ఆ రెండూ కలిసిన వాసనంటే స్వావాకు ఈమధ్య ఎందుకో తెగ నచ్చేస్తోంది. ఓర్రి చొక్కా నిండా అదే వాసన, అందుకేనేమో. బల్ల మీద పళ్ళెంలో లోవా వేయించి తెచ్చిన మెలికల క్లైనాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. స్వావా ఒకటి నోట్లో పెట్టుకుని, మరోటి జేబులో వేసుకుని, అప్పుడు పెట్టె తెరిచింది. యుద్ధానికి కడుపు నింపుకుని వెళ్ళాలని వాళ్ళమ్మ అనేది.

"ఇవి పసుపురంగువి" అన్నాడు లౌరుస్, తొంగి చూసి. షెడ్డు అతనిది. బిగించే చేతులు కూడా అతనివే. "మనం చెప్పినవి నల్లవి కదా."

"రంగు చూసి కొంటామా లౌరుస్? మీ ఆవిడ నీ చొక్కా రంగు చూసి చేసుకుందా?"

"చొక్కా లేకుండా చూసి చేసుకుంది. అందుకే ఇప్పటికీ ఏడుస్తోంది."

షెడ్డంతా నవ్వింది. జీపు కింద పడుకుని మట్టి గోకుతున్న ఓర్రి కూడా నవ్వాడు. అతని బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, అవి కూడా నవ్వుతున్నట్టే కదిలాయి. నవ్వనిది ఒక్క థోర్గేరే. ఆయన తలుపు దగ్గర నించుని ఉన్నాడు, తలుపంత మనిషి. వచ్చి ఒక స్ప్రింగు తీసి, దాని తీగ మందం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూశాడు.

"సన్నగా ఉంది."

"ఉండాలి" అంది స్వావా.

"పొట్టిగా ఉంది."

"అదీ ఉండాలి."

"నాలుగంగుళాలు లేపేవి తెమ్మన్నాను, దొరికిన వాటిల్లోకెల్లా గట్టివి."

"రెండంగుళాలు లేపేవి తెచ్చాను. అడిగి మరీ మెత్తవి తెచ్చాను."

థోర్గేర్ స్ప్రింగును మెల్లగా పెట్టెలో పెట్టాడు. "స్వావా యోన్స్‌డోత్తిర్" అన్నాడు.

ఓర్రి బూట్లు నవ్వడం మానేశాయి. ఆ ఊళ్ళో మామగారినైనా పేరు పెట్టే పిలుస్తారు, నువ్వనే అంటారు. కానీ థోర్గేర్ ఎవరినైనా తండ్రిపేరు కలిపి పిలిచాడంటే ఉరుముకు ముందు మెరుపు వచ్చినట్టే. పెళ్ళయ్యాక స్వావాకు ఇదే మొదటిసారి. ఆవిడకు భయం వేయాల్సింది. దానికి బదులు, ఇప్పుడు నేను కూడా ఈ ఇంటిదాన్నయ్యాను కాబోలు అనిపించి లోపల్లోపల చక్కిలిగింత పుట్టింది.

"చెప్పు థోర్గేర్."

"నిరుడు బయల్దేరే రోజు చర్చి గేటు దగ్గర ఏమైందో నీకు తెలీదు. నువ్వింకా ఈ ఊరికి రాలేదు."

"తెలుసు. జీపు వెనక భాగం కిందికి దిగిపోయింది. పక్క లోయవాళ్ళు చూసి నవ్వారు."

"ఏమని నవ్వారో కూడా చెప్పాలి" అన్నాడు లౌరుస్ ఉత్సాహంగా. "మీ జీపేంటి, గొర్రె ఒంటేలుకు కూర్చున్నట్టు కూర్చుంది అన్నారు."

థోర్గేర్ చెవులు ఎర్రబడ్డాయి. ఏడాది గడిచినా ఆ మాట ఆయన చెవుల్లోనే ఉంది. అందుకే ఈసారి ఇంకా గట్టివి, ఇంకా ఎత్తువి. అంతకుముందు ఏడాది కూడా ఇలాగే గట్టిపరిచారు. దానికి ముందూ అంతే. జీపును తూచేది ఆ ఊళ్ళో ఒకేఒక్క చోట, చర్చి గేటు దగ్గర, కొండకు బయల్దేరే పొద్దున, పక్క లోయవాళ్ళ కళ్ళతో.

"సరే" అంది స్వావా. "ఆ పొద్దున జీపులో ఏముంది?"

"అందరి తిండీ. దాణా. పరుపులు. ఏం లేదు అందులో?"

"మూడోనాటికి ఏముంది?"

లోవా మూల స్టూలు మీంచి, "నా ఖాళీ గిన్నెలు" అంది. చేతికర్ర పక్కన పెట్టుకుని, పళ్ళెంలో ఎవరు ఎన్ని క్లైనాలు తీస్తున్నారో చూస్తోంది ఆవిడ.

"అదీ సంగతి" అంది స్వావా. "బరువు మొదటిరోజే. తర్వాత మనం తింటూ పోతాం, జీపు తేలికవుతూ పోతుంది. స్ప్రింగు ఎంచుకోవాల్సింది ఎప్పుడూ ఉండే బరువును బట్టి. మనమేమో ఒక్క పూట బరువును చూసి, ఆ పూట నవ్వేవాళ్ళను చూసి ఎంచుకుంటున్నాం. మిగతా దారంతా కొయ్యబల్లలా గెంతే జీపులో కూర్చునేది పక్క లోయవాళ్ళు కాదు."

"నువ్వు పాలలారీ నడిపావు, కొండ జీపు కాదు" అన్నాడు థోర్గేర్.

"కాలేజీ సెలవులన్నీ పాలలారీ మీదే. వెళ్ళేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు నిండు. ఖాళీది ఎట్లా తన్నుతుందో నా నడుమునడుగు. పోనీ, నా నడుమెందుకు? నువ్వే ఎక్కు. వెనక బంపరు మీదికెక్కి గెంతు."

"ఏంటి?"

"గెంతమన్నాను. కొండరాజు గెంతకూడదని రూలేమైనా ఉందా?"

థోర్గేర్ మొండివాడే గానీ ఎవరైనా సవాలు చేస్తే తట్టుకోలేడు. బంపరెక్కి, పైన కడ్డీ పట్టుకుని, బలమంతా పెట్టి గెంతాడు. షెడ్డు గోడకున్న రెంచీలు గలగలమన్నాయి. జీపు మాత్రం చెక్కు చెదరలేదు.

"చూశావా? బండ." దిగుతూ ఆయన గొంతులో గర్వం.

"చూశాను. నీ అంత మనిషి గెంతితే దిగని స్ప్రింగు, దారిలో రాయి తగిలితే దిగుతుందా? స్ప్రింగు దిగకపోతే జీపే ఎగరాలి. జీపు ఎగిరితే లోపలున్న లోవా ఎగరాలి. ఎగిరింది."

"ఎగిరితే ఆపడానికే కదా షాకులు" అన్నాడు లౌరుస్, నమ్మకం లేకుండానే.

"షాక్ అబ్జార్బర్ ఆపేది స్ప్రింగు ఊగే ఊపును. ఊపే లేకపోతే దేన్ని ఆపుతుంది? పైగా ఏటా ఎత్తు పెంచుకుంటూ వచ్చారు, షాకులు మాత్రం ఆ పొట్టివే. చక్రం గుంటలోకి పూర్తిగా దిగేలోపే షాకు సాగడం ఆగిపోతుంది. చక్రం గాల్లో వేలాడుతుంది. అవునా కాదా? ఓర్రీ, నువ్వు కింద ఉన్నావుగా, చెప్పు."

ఓర్రి బూట్లు చక్రం వైపు జరిగాయి. తర్వాత, "చివరిదాకా సాగి సాగి షాకు కొక్కెం దగ్గర లోహం మెరుస్తోంది" అని వినిపించింది.

స్వావా పెట్టె అడుగునుంచి పొడుగాటి షాకులు తీసి బల్ల మీద పెట్టింది. వాటి పక్కనే రబ్బరు తిత్తులు రెండు. "ఈ షాకులు ఈ స్ప్రింగుల కొలతకు చేసినవే, జతవి. తిత్తులు స్ప్రింగు లోపల కూర్చుంటాయి. మొదటిరోజు గాలి నింపుతాం, జీపు చర్చి గేటు దగ్గర పెళ్ళికూతురులా నిటారుగా నిలబడుతుంది. తింటున్నకొద్దీ గాలి వదులుతాం. మంచు మీదికెళ్తే టైర్లలో గాలి తీయడం ఈ ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అదే పని, కాస్త పైన."

లౌరుస్ ఒక తిత్తి తీసి నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. కొత్త బొమ్మ దొరికిన మొహం అయింది అతనిది.

"ఇంకోటి. గోడమీదున్న ఆ రేకులు ఎవరు కోశారు?" స్వావా చూపించింది. జీపు చక్రాల పైనుంచి ఒకప్పుడు కోసి తీసిన రేకుముక్కలు తుప్పు పట్టి వేలాడుతున్నాయి.

"ముందటి కొండరాజు" అన్నాడు థోర్గేర్. "పెద్ద టైర్లు పట్టాలని."

"ఎత్తు పెంచితే సరిపోయేది కదా. రేకు ఎందుకు కోసినట్టు?"

ఆయన రేకుల వైపు తల తిప్పాడు. ఆ దేశంలో అందరికీ తెలిసిన జవాబే: జీపు ఎంత నేలకు దగ్గరగా ఉంటే గాలికి బోల్తాపడే భయం అంత తక్కువ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషి ఇప్పుడు నాలుగో కాలు చూసీ చూడనట్టు నించున్నాడు. స్వావాకు గెలిచానన్న సంబరం గొంతుదాకా వచ్చింది. కానీ థోర్గేర్ అంత తేలిగ్గా దిగే స్ప్రింగు కాదు.

"మాటలు బాగానే ఉన్నాయి" అన్నాడు. "నిరుడు ఎగిరింది స్ప్రింగుల వల్ల కాదు, నడిపినవాడికి నడపడం రాక. నేనన్నానా ఆ మాట? వాడే అన్నాడు, ఊరందరి ముందు."

జీపు కిందనుంచి ఓర్రి బయటికి జరిగి లేచాడు. నుదుటి మీద మట్టి. స్వావా వైపు చూడలేదు.

"అన్నాడు" అంది లోవా. "నన్ను మాత్రం ఎవరూ అడగలేదు."

అందరూ అటు తిరిగారు. ఆవిడ కర్ర సాయంతో లేచి, కాఫీ కప్పు తానే నింపుకుంది. నొప్పిపెట్టే కాలు మీద కూడా ఎవరి సాయం ఒప్పుకోదు.

"వాడు ఎప్పుడూ పోయే వేగంతోనే పోయాడు, ఎప్పుడూ పట్టే దారే పట్టాడు. నేను వెనక కూర్చుని ఉల్లిపాయలు లెక్కపెట్టుకుంటున్నాను. అంత నిమ్మళంగా ఉంది. ఉన్నట్టుండి వెనక భాగం లేచింది, పక్కకు జరిగి పడింది. వాడి చేతిలో ఏముంది? ఆస్పత్రి మంచం మీద కూడా చెప్పబోయాను. నోరుమూసుకో లోవా అని చెయ్యి పట్టుకున్నాడు."

"ఎందుకురా?" ఈసారి థోర్గేర్ గొంతు చిన్నదైంది.

ఓర్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. "ఆ చలికాలంలోనే కదా నాన్నా, కొండరాజు ఎవరుండాలని రైతులు చేతులెత్తాల్సింది. స్ప్రింగులు ఎంచింది నువ్వు. ఎగిరింది వాటివల్లేనని బయటపడితే నిన్ను ఉంచేవాళ్ళు కాదు. నాకేం, నేను గుర్రమెక్కుతాను."

స్వావాకు ఒక్కసారిగా అతన్ని కొట్టాలనీ ముద్దుపెట్టుకోవాలనీ అనిపించింది. ఏడాదిగా ఊళ్ళో ప్రతి కాఫీబల్ల దగ్గరా వీడికి జీపు ఇవ్వకండిరా అని వేళాకోళం చేస్తుంటే నవ్వుతూ ఊరుకున్నాడు. పక్కన పడుకున్న పెళ్ళాంతో కూడా చెప్పలేదు. "ఇంటికి పద, నీ సంగతి చూస్తాను" అంది మెల్లగా. "చూడు" అన్నాడు అతను, ఇంకా మెల్లగా. అంత గొడవలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

థోర్గేర్ ఆ నవ్వు చూశాడు. దానితో ఆయన మెత్తబడాల్సింది పోయి బిగుసుకున్నాడు.

"నా కోసం ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. జీపుకు ఇంకా నిరుటి స్ప్రింగులే ఉన్నాయి. లోపల ఖాళీ. పదండి బూడిదేరుకు. అదే దారి, నేను నడుపుతాను. వెనక చక్రం నేల వదలకపోతే నీ పసుపు సరుకు పట్నానికి తిరిగి పోతుంది, నువ్వు మళ్ళీ కొండ మాట ఎత్తవు."

"వదిలితే?"

"వదిలితే వాడి తాళాలు వాడికి."

"వద్దు" అంది స్వావా. "నాకు."

లౌరుస్ చేతిలో రబ్బరు తిత్తి అలాగే ఉండిపోయింది.

"ఆ జీపు ఆడవాళ్ళెవరూ..." అని మొదలుపెట్టాడు థోర్గేర్.

"ఆడదో మగాడో కాదు లెక్క. స్ప్రింగులు ఎంచినవాళ్ళు ఆ జీపులోనే ఉండాలి. నువ్వు ఎంచావు, గుర్రమెక్కి వెళ్ళావు. వాడు నడిపాడు, ఈవిడ తుంటి చిట్లింది. ఈసారి ఎంచింది నేను. తేడా వస్తే నా నడుమే విరగనీ."

"ఇచ్చెయ్ నాన్నా" అన్నాడు ఓర్రి. "నాకంటే బాగా నడుపుతుంది. నన్ను కూడా."

కింది వంతెన మీద చుట్టుతిరిగి బూడిదేరు దాటి, కొండనుంచి ఊరికొచ్చే దారి పట్టారు. జీపులో థోర్గేర్ ఒక్కడే ముందు. వెనక లోవా సీట్లో స్వావా పట్టుబట్టి కూర్చుంది. మిగతావాళ్ళు లౌరుస్ కారులో ముందే వెళ్ళి, రేవు పక్కనున్న రాళ్ళగుట్ట దగ్గర దిగారు. ఆకాశం కిందికి దిగి ఉంది. నల్ల ఇసుక మీద గాలి దుమారం రేపుతోంది. మంచుకొండ నీళ్ళతో ఏరు నిజంగానే బూడిద కలిపినట్టు పారుతోంది. ఏటి వైపు దిగే దారి పొడుగునా, ఎండబెట్టిన అప్పడంలా అలలు అలలుగా గతుకులు.

థోర్గేర్ వేగం పెంచాడు. గతుకులు మొదలైనాయి. స్వావా పళ్ళు టకటకలాడాయి. జేబులో క్లైనా పొడైపోయిందని తెలుస్తూనే ఉంది. తల పైరేకుకు తగలకుండా ఒక చెయ్యి పైకి ఆనించింది. వెనక చక్రాలు నేలను రాసుకుంటూ, గిలగిల్లాడుతూ వస్తున్నాయి గానీ వదలట్లేదు. మలుపు తిరిగింది. దారి నేరుగా ఏటి వైపు దిగింది, చాలా దూరం కనిపిస్తోంది. ఉన్నట్టుండి కుదుపు తగ్గింది. థోర్గేర్ యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. జీపు మెత్తగా ఒక మిట్ట ఎక్కి, దిగి, మళ్ళీ వేగం అందుకుని, నీళ్ళ అంచున ఆగింది.

"చూశావా" అన్నాడు ఆయన, అద్దంలోకి చూస్తూ. "నేల వదల్లేదు."

స్వావా వెనక్కి తిరిగి దారి చూసింది. మిట్ట అక్కడ ఉన్నట్టే కనిపించట్లేదు. ఇసుక రంగులో ఇసుక.

"ఎందుకు తగ్గించావు?"

"ఏం తగ్గించాను?"

"కాలు తీశావు. దారంతా తీయలేదు, ఆ తర్వాత ఏటి అంచుదాకా తీయలేదు. అక్కడొక్కచోటే తీశావు. నిరుడు తిరిగొచ్చేటప్పుడు నువ్వు గొర్రెలతో ఒకరోజు వెనకున్నావు థోర్గేర్. రేవు ముందు ఎగిరిందని తప్ప ఓర్రి ఎవరికీ చోటు చెప్పలేదు. ఇక్కడే ఎగురుతుందని నీకెవరు చెప్పారు?"

ఏరు హోరుమంటోంది. థోర్గేర్ ఇంజను ఆపేశాడు. అద్దంలో ఆయన కళ్ళు ఇప్పుడు అద్దాన్ని చూడట్లేదు.

"దిగు" అన్నాడు.

ఇక్కడినుంచి నడిచి పొమ్మంటాడనుకుంది స్వావా. నడుస్తాను, ఊరు చేరేదాకా అదే ప్రశ్న అడుగుతూ నడుస్తాను అనుకుంటూ దిగింది. ఆయన కూడా దిగాడు. జీపు చుట్టూ తిరిగొచ్చి, వెనక తలుపు తెరిచి, ఆ పెద్ద శరీరాన్ని లోవా సీట్లో ఇరికించుకున్నాడు. బెల్టు చాలక రెండుసార్లు లాగాడు.

"ఎంచినవాళ్ళే కూర్చోవాలన్నావుగా. కూర్చున్నాను." తాళాలు ముందుకు చాచాడు. "ఎక్కడ ఎగురుతుందో నాకు తెలుసు. ఖాళీ జీపుతో ఒంటరిగా వచ్చినప్పుడు నన్నూ ఎగరేసింది. ముందు సీట్లో ఉన్నాను గనక నవ్వుకున్నాను. వెనక ఎంత ఎగురుతుందో చూద్దాం. పైకెళ్ళి తిప్పుకురా. వాడు పోయిన వేగంతోనే పోవాలి. తగ్గించావంటే ఈ తాళాలు నీకు జన్మలో దక్కవు."

స్వావా తాళాలు తీసుకుంది. ముందు సీట్లోకెక్కింది. ఆయన వయసు గుర్తొచ్చింది. లోవా తుంటి గుర్తొచ్చింది. ఏడాదిపాటు ఓర్రి నవ్విన నవ్వు వాటన్నిటికన్నా గట్టిగా గుర్తొచ్చింది. జీపు పైకి తీసుకెళ్ళి, మలుపు అవతల తిప్పి, ఏటి వైపు వదిలింది. రెండో గేరు. మూడో గేరు. గతుకులు మొదలైనాయి. వెనకనుంచి థోర్గేర్ పళ్ళ బిగువులోంచి "ఇంకా" అన్నాడు.

మలుపు తిరిగేసరికి దారి మధ్యలో ఓర్రి ఉన్నాడు. గుట్ట దిగి పరుగెత్తుకొచ్చి, సరిగ్గా ఆ మిట్ట మీద, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఏదో అరుస్తున్నాడు. గాలి ఆ మాటల్ని మంచుకొండ వైపు పట్టుకుపోతోంది. మళ్ళీ తండ్రి కోసం అడ్డం పడ్డాడని స్వావాకు అర్థమైంది.

"వాడు జరుగుతాడు" అన్నాడు థోర్గేర్.

"జరగడు. నీ కొడుకు."

"నీ మొగుడు. తగ్గించకు."

స్వావా అరచెయ్యి మొత్తం హారన్ మీద వేసి నొక్కింది. కాలు మాత్రం తీయలేదు.